కర్నూలులో పేరున్న కాలనీలో ఇల్లు కొనాలంటే: ముందు నేల, తర్వాతే మిద్దె

కర్నూలులో కోటి దాటిన ఇల్లు చూడ్డానికి పోయినవాళ్ల కళ్లు మొదట ఎలివేషన్ మీద పడతాయి. ఆ తర్వాత హాలు ఎత్తు, మెట్ల పక్కన గాజు రెయిలింగు, వంటింట్లో కబోర్డులు. ఇవన్నీ రేపు డబ్బు పెడితే మార్చుకోగలిగినవే. ఇంటి కింది నేలను, ఆ వీధికి వచ్చే నీళ్లను, స్థలం వెనకున్న కాగితాన్ని మాత్రం కొన్నాక ఎవరూ మార్చలేరు. అందుకే ఇక్కడ చెప్పే వరస బ్రోకరు చూపించే వరసకు తలకిందులుగా ఉంటుంది. ముందు వీధి, నేల, నీళ్లు. తర్వాత కాగితాలు. గోడలు, ధర చివర్లో.

వీధిని చూడటం

1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఏ, బి, సి క్యాంపులనే పేర్లు ఆ రోజులవే. ఊళ్లో ఇప్పటికీ సి.క్యాంపు పరిసరాలు, వెంకటరమణ కాలనీ, ఎన్.ఆర్.పేట, అశోక్ నగర్ లాంటి చోట్ల ఇల్లంటే ఆ పేరుకే ఒక ధర ఉంటుంది. ఆ ధర ఊరికే రాలేదు. బడి, ఆసుపత్రి, బస్టాండు దగ్గర, రోడ్డు వెడల్పు, ఇరుగుపొరుగు స్థిరమైనవాళ్లు. అయితే కాలనీ పేరు ఒకటే అయినా అందులో వీధికీ వీధికీ తేడా ఉంటుంది. మీరు డబ్బు కట్టేది వీధికి.

ఒకే వీధికి మూడు వేళల్లో పోయి నిలబడండి: పొద్దున బడి బస్సుల వేళ, సాయంత్రం ఏడింటికి, రాత్రి పది దాటాక. గాయత్రి ఎస్టేట్ లాంటి ఆసుపత్రుల ప్రాంతానికి ఆనుకున్న ఇళ్ల ముందు పగలంతా కార్లు, ఆటోలు ఆగుతాయి. మీ గేటు మీరు తెరుచుకోవడానికే ఒకరిని బతిమాలాల్సి వస్తుంది. పక్క ఇల్లు నర్సింగ్ హోమ్‌గానో కాలేజీ హాస్టలుగానో మారిందా, పెద్ద జనరేటరు ఏ గోడ వైపు పెట్టారు, ఫంక్షన్ హాలు ఎంత దూరంలో ఉంది అనేవి చూసుకోండి. పెళ్లిళ్ల ముహూర్తాలున్న నెలలో ఒక రాత్రి అక్కడ గడిపితే సంగతి తెలిసిపోతుంది. ఇంటి మీదుగా గానీ పక్కగా గానీ కరెంటు లైను పోతుంటే కొలవండి. 11 కేవీ లైనుకు, బాల్కనీ అంచుకు మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, మిద్దె పైనుంచి నిలువునా 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. ఉన్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలనే ఆలోచన మీకుంటే ఆ 3.7 మీటర్లే దాన్ని ఆపేస్తుంది.

వరద సంగతి కర్నూలులో ఇల్లు కొనేవాళ్లు అడగకుండా ఉండకూడదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చాయి. ఏ ఇంట్లోకి ఎన్ని అడుగుల నీళ్లు వచ్చాయన్నది ఆ వీధిలో పాతికేళ్లుగా ఉంటున్న ఎవరికైనా గుర్తుంటుంది. అమ్మేవాళ్లను అడగడం కంటే ఎదురింటివాళ్లను, వీధి చివరి కిరాణా కొట్టాయనను, ఇస్త్రీ బండి మనిషిని అడగండి. పాత కాంపౌండు గోడల మీద, విద్యుత్ స్తంభాల మీద మట్టి చార కొన్నిచోట్ల ఇంకా కనపడుతుంది. నీళ్లు వచ్చిన వీధి అని తెలిస్తే కొనకూడదనేమీ లేదు. కాకపోతే ఇంటి గచ్చు మట్టం ఆ గుర్తు కంటే ఎంత ఎత్తులో ఉందో వాటర్ లెవెల్ ట్యూబుతో కొలిపించాలి. సెల్లారు ఉన్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. సంపు మూత గచ్చు మట్టానికే ఉంటే మురుగు నీళ్లు మంచినీళ్లలో కలుస్తాయి. మోటారు, మీటరు బోర్డు, ఇన్వర్టరు ఎంత ఎత్తులో పెట్టారో చూడండి.

నది ఒడ్డున కట్టడాలకు భవన నిబంధనల్లో దూరం ఉంది. కార్పొరేషన్ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్ల లోపు కట్టకూడదు. కేసీ (కర్నూలు-కడప) కాలువకూ, పెద్ద వాగులకూ వేరే కొలతలున్నాయి. "నది కనపడే ఇల్లు" అని చూపించినప్పుడు మంజూరైన ప్లానులో ఆ దూరం గీసి ఉందో లేదో ముందు చూడండి. గీసి లేకపోతే బ్యాంకు అప్పు దగ్గరే ఆగిపోయే అవకాశం ఉంది.

నేల

కర్నూలు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఈ ఉబ్బడం, ముడుచుకోవడం సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకా సాగుతుంది. పునాది అంతకంటే పైన ఆగిపోతే ఇల్లు ఏటా కాస్త లేస్తుంది, కాస్త దిగుతుంది. ఇల్లంతా ఒకేలా లేచి దిగితే పెద్దగా నష్టం లేదు. ఒక మూల మాత్రమే కదిలినప్పుడు గోడ చీలుతుంది. సంపు కారుతున్న మూల, బాత్రూము నీళ్లు ఇంకే మూల, పెద్ద చెట్టు వేళ్లు తేమ లాగే మూల ఇలా వేరుగా కదులుతాయి.

కాబట్టి అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న: "పునాది ఏ రకం, ఎంత లోతు? కట్టేటప్పుడు తీసిన ఫొటోలున్నాయా?" అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతు కాంక్రీటు స్తంభాలు) గానీ, రాఫ్ట్ (ఇంటి కింద మొత్తంగా పరిచే కాంక్రీటు పలక) గానీ వేశారంటే మంచి సంగతి. మామూలు ఫుటింగులయితే నల్లమట్టిని పూర్తిగా తీసేసి కింద గట్టి నేల తగిలేదాకా పోయారా, గుంటను మొరంతో నింపారా అని అడగండి. స్ట్రక్చరల్ డ్రాయింగు, సాయిల్ టెస్టు రిపోర్టు ఉంటే ఇంజినీరుకు చూపించండి. రెండూ లేవంటే ఇల్లే సాక్ష్యం చెప్పాలి.

ఆ సాక్ష్యం చదవడం కష్టమేమీ కాదు. ప్లాస్టరు మీద వెంట్రుకంత సన్నగా, దారీ తెన్నూ లేకుండా ఉన్న బీటలు సిమెంటు ఆరేటప్పుడు వచ్చేవి. వాటితో భయం లేదు. కిటికీ మూల నుంచి గానీ తలుపు మూల నుంచి గానీ ఏటవాలుగా పైకి పోయి, పోనుపోను వెడల్పయ్యే బీట నేల కదలికకు గుర్తు. అది 3 మిల్లీమీటర్లు దాటితే ఇంజినీరు చూడకుండా ముందుకు పోవద్దు. తలుపులు గచ్చుకు రాసుకుంటున్నాయా, పోర్టికో గచ్చు ఇంటి నుంచి విడిపోయిందా, కాంపౌండు గోడ బయటికి వాలిందా కూడా చూడండి. కాంపౌండు గోడకు ఎవరూ లోతు పునాది వేయరు కాబట్టి ఆ నేల స్వభావం మొదట బయటపడేది అక్కడే.

కాలం కూడా ముఖ్యం. నల్లరేగడిలో బీటలు మే నెలలో నోరు తెరుస్తాయి, సెప్టెంబరు వానలకు మూసుకుంటాయి. వానాకాలం చివర్లో రంగు వేసి చూపించిన ఇల్లు చక్కగానే కనపడుతుంది. వీలైతే ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి చూడండి. అంత సమయం లేకపోతే అల్మారాల వెనక, మెట్ల కింద, పూజగది పైన, లాఫ్టు లోపల టార్చి వేసి చూడండి. కొత్త రంగు అక్కడి దాకా పోదు.

నీళ్లు

కర్నూలుకు తాగునీరు ప్రధానంగా తుంగభద్ర మీది సుంకేసుల నుంచి వస్తుంది. ఎండాకాలం నదిలో నీళ్లు తగ్గితే కొళాయి వేళలూ తగ్గుతాయి. మీరు చూసే ఇంటికి కార్పొరేషన్ కనెక్షన్ ఉందా, అది ఎవరి పేరున ఉంది, మే నెలలో ఎన్ని రోజులకోసారి ఎంతసేపు వచ్చింది, ప్రెషరుతో సంపులోకి నేరుగా వస్తుందా లేక మోటారుతో లాగుతున్నారా అని అడగండి. వీధి చివరి ఇళ్లకు నీళ్లు అందవు. ఎత్తున ఉన్నవాటికీ అంతే. మోటారుతో లాగడం నిబంధనలకు విరుద్ధం, దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు.

లెక్క ఇలా వేయండి. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రమాణం. ఐదుగురికి 675. కారు కడగడం, మొక్కలు, పనిమనిషి ఉతుకులు కలిపితే పెద్ద ఇంటికి రోజుకు 1,000 నుంచి 1,200 లీటర్లు. లోపలి కొలత 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు ఉన్న సంపు సుమారు 8,500 లీటర్లు పడుతుంది. అంటే వారం రోజులకు సరిపోతుంది. అంతకంటే చిన్న సంపు ఉంటే ఎండాకాలం ట్యాంకర్ల మీద ఆధారపడాలి. ట్యాంకరు మీ వీధిలో తిరగగలదా అన్నది కూడా చూసుకోవాల్సిందే.

బోరు నీళ్లను తప్పకుండా ల్యాబులో పరీక్ష చేయించండి. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. కాఠిన్యం 200 మంచిది, 600 హద్దు. ఫ్లోరైడ్ 1.0 లోపు ఉండాలి, 1.5 దాటకూడదు. కాఠిన్యం 600 దాటిన బోరు ఉన్న ఇంట్లో ఖరీదైన షవర్లు, గీజర్లు, గాజు పార్టిషన్లు రెండేళ్లలో తెల్లబారతాయి. ఇటాలియన్ మార్బుల్ మీద మరకలు పడి పోవు. అలాంటి ఇంటికి కాఠిన్యం తగ్గించే సాఫ్టనర్ ఖర్చు, అందులో రెసిన్ మార్చే ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడాలి.

బ్యాక్టీరియా పరీక్ష కూడా అడగండి. సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంతకూ బోరుకూ మధ్య కనీసం 60 అడుగులు ఉండాలంటారు. ఐదు సెంట్ల స్థలమంటే 40 అడుగుల వెడల్పుకు సుమారు 54 అడుగుల పొడవు. ఈ మూల నుంచి ఆ మూలకు లాగినా 67 అడుగులే. కాబట్టి మీ ఇంటి గుంత దూరంగా ఉన్నా పక్కింటివాళ్ల గుంత మీ బోరు పక్కనే ఉండొచ్చు.

కాగితాలు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మొదట ఒక సంగతి తేల్చుకోండి: ఆ స్థలం ఏ గ్రామ సర్వే నంబరులో ఉంది, ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉంది. కల్లూరు పేరున ఉన్న సర్వే నంబర్లు చాలా ఇప్పుడు కార్పొరేషన్‌లోనే ఉన్నాయి. దస్తావేజులో ఒకచోట కర్నూలు, ఇంకోచోట కల్లూరు అని కనపడితే కంగారు పడనక్కర్లేదు గానీ ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) మాత్రం రెండుచోట్లా వెతికించాలి. పాత డోరు నంబరుతో ఒకసారి, కొత్త డోరు నంబరుతో ఒకసారి, సర్వే నంబరూ ప్లాటు నంబరుతో ఒకసారి. ఒక్క నంబరుతో తీసిన ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండేవాళ్లే ఎక్కువగా మోసపోతున్నారు.

ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందు కాలానికి ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు గొలుసులా కలవాలి. ఎవరు ఎవరికి అమ్మారు, విస్తీర్ణం ఎక్కడైనా మారిందా, నాలుగు హద్దులు ప్రతి దస్తావేజులోనూ పొంతన కుదురుతున్నాయా అని వరసగా రాసుకోండి. నాలుగు సెంట్ల చిల్లర ఉన్న స్థలం తర్వాతి దస్తావేజులో ఐదు సెంట్లయితే ఆ పెరిగిన ముక్క రోడ్డుదో పార్కుదో అయి ఉంటుంది.

ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే చూడొచ్చు. ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి, అసైన్డ్ భూమి ఈ జాబితాలో ఉంటాయి. కర్నూలు పాత నవాబుల ఊరు. వక్ఫ్ ఆస్తులు ఊరంతా ఉన్నాయి. జాబితాలో లేకపోయినా వక్ఫ్ గెజిట్ చూడమని మీ లాయరుకు విడిగా చెప్పండి. సి.క్యాంపు లాంటి చోట్ల ప్రభుత్వ క్వార్టర్లకు ఆనుకుని ఉన్న స్థలమయితే సర్వేయరును పెట్టి హద్దులు కొలిపించండి.

కుటుంబ ఆస్తి అయితే సంతకాల లెక్క చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 సవరణతో కూతుళ్లందరికీ వచ్చింది. "మా అక్కకు కట్నం ఇచ్చి పంపేశాం, ఆమెకేం లేదు" అనే మాట కోర్టులో నిలబడదు. తాసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించి, అందులో ఉన్న ప్రతి పేరూ సేల్ డీడ్‌లో అమ్మకందారుగానో, ఒప్పుకున్న సాక్షిగానో ఉండేలా చూడండి. విదేశాల్లో ఉన్న కొడుకో కూతురో జీపీఏ (తమ తరఫున పని చేయడానికి ఇంకొకరికి అధికారమిచ్చే పత్రం) పంపితే అది ఏ ఆస్తికి, ఏ పనికి ఇచ్చారో పదం పదం చదవండి. వాళ్లతో వీడియోలో ఒకసారి మాట్లాడండి. జీపీఏ మీదే చేతులు మారిన ఇల్లయితే 2011లో సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తుంచుకోండి: జీపీఏతో హక్కు బదిలీ కాదు, రిజిస్టరు దస్తావేజుతోనే అవుతుంది.

అప్పులు ఈసీలో కనపడతాయని అందరూ అనుకుంటారు. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు రిజిస్టరు చేయకపోతే అందులో పడదు. దానికి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది. కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. దాంతోపాటు ఒరిజినల్స్ అన్నీ టేబులు మీద పెట్టించి కళ్లారా చూడండి. "లాకరులో ఉన్నాయి, రిజిస్ట్రేషన్ రోజు తెస్తాం" అంటే అప్పటిదాకా బయానా కూడా ఇవ్వకండి.

ఇంటి అనుమతుల సంగతి. మంజూరైన ప్లాను కాపీ తెచ్చుకుని టేపు పట్టుకుని నాలుగు వైపులా ఖాళీ స్థలం కొలవండి. ప్లానులో రెండంతస్తులే ఉండి పైన పెంట్‌హౌస్ కనపడటం ఊళ్లో మామూలు. ఆ పెంట్‌హౌస్‌కు ధర కట్టి కొంటే దాని మీద పెనాల్టీ కూడా మీరే కొన్నట్టు. ఇంటి పన్ను డిమాండు కాగితంలో అనధికార కట్టడపు పెనాల్టీ అనే గడి ఉంటుంది. అక్కడ అంకె ఉంటే ప్లానుకూ ఇంటికీ తేడా ఉన్నట్టే. ప్లాను ఇచ్చేటప్పుడు కార్పొరేషన్ 10 శాతం విస్తీర్ణాన్ని తనఖా పెట్టుకుని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో (ప్లాను ప్రకారమే కట్టారు, ఉండొచ్చు అని ఇచ్చే పత్రం) విడుదల చేసే పద్ధతి ఉంది. ఈసీలో ఆ తనఖా ఇంకా అలాగే ఉంటే ఆక్యుపెన్సీ రాలేదని అర్థం.

ఊరి అంచున గేటెడ్ విల్లాలు, కొత్త అపార్టుమెంట్లు చూస్తున్నవాళ్లకు ముందు రెరా (స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే చట్టం) నంబరు కావాలి. 500 చదరపు మీటర్లు గానీ 8 యూనిట్లు గానీ దాటిన ప్రాజెక్టు రిజిస్టరు కావాల్సిందే. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి అడగకూడదు. అప్పజెప్పిన తర్వాత ఐదేళ్ల దాకా కట్టడంలో లోపాలు బిల్డరే సరిచేయాలి. ధర కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే స్థలం) మీద చెప్పించుకోండి. సూపర్ బిల్టప్ లెక్కలో మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది కూడా మీ ఖాతాలో పడతాయి. కడుతున్న విల్లాకు 5 శాతం జీఎస్టీ ఉంటుంది. ఆక్యుపెన్సీ వచ్చాక కొంటే ఉండదు. లేఅవుటుకు కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం, ఎల్‌పీ (లేఅవుటు అనుమతి) నంబరు, పాత లేఅవుటయితే నాలా ఆర్డరు (వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చిన ఉత్తర్వు) అడిగి తీసుకోండి.

గోడలు, మిద్దె, వైర్లు

ఇంత దూరం దాటిన ఇంటికి ఒక సివిల్ ఇంజినీరును తీసుకుపోండి. కోటిన్నర పెట్టేచోట ఆయన ఫీజు లెక్కలోకి రాదు.

పైమిద్దె మీద నీళ్లు కట్టి చూడటం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. నీటి గొట్టాలు గుడ్డతో బిగించి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి, కింది గదుల సీలింగు చూడండి. ఫాల్స్ సీలింగు ఉంటే లైటు గుంతలోంచి ఫోను కెమెరా పెట్టి పైస్లాబు అడుగు ఫొటో తీయండి. తడి మరకలు, తుప్పు చారలు అక్కడే దాగి ఉంటాయి. పై అంతస్తు బాత్రూముల కింద కూడా ఇదే పని చేయండి. గచ్చు నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా గోడ మీద తెల్లటి ఉప్పు పొంగుతుంటే తేమ కిందినుంచి ఎక్కుతోందన్నమాట. దాని మీద కొత్త పుట్టీ పెట్టినా ఆర్నెల్లలో ఊడుతుంది.

టైల్స్ మీద నాణెంతో తట్టండి. డొల్ల శబ్దం వచ్చిన టైలు కింద సిమెంటు లేదు. బర్మా టేకు తలుపు అని చెప్పినదాన్ని పైఅంచు దగ్గర చూడండి. పాలిష్ వేయని ఆ అంచులో చెక్క గీతలు ముందు వైపు గీతలతో కలవకపోతే అది ప్లైవుడ్ మీద అతికించిన పొర. గచ్చుకు పాత ఇళ్లలో వేసిన బేతంచెర్ల బండలను తక్కువగా చూడొద్దు. పాలిష్ పట్టిస్తే ఎండాకాలం కాలికి చల్లగా ఉంటాయి, బోరు నీళ్లకు మార్బుల్‌లా చెడవు.

ఎండ ఇక్కడ 42 డిగ్రీలు దాటుతుంది. రెండంతస్తుల ఎత్తున్న హాలు అందంగానే ఉంటుంది, కానీ వేడి గాలి పైకెక్కి పై పడకగదుల్లో నిలుస్తుంది. ఏసీ ఆ ఖాళీ మొత్తాన్ని చల్లబరచాలి. పడమటి గోడకు పెద్ద గాజు కిటికీలున్న ఇంటిని మధ్యాహ్నం నాలుగింటికి చూడండి, పొద్దున పదింటికి కాదు. పైమిద్దె మీద కూల్ టైల్స్ గానీ తెల్ల పూత గానీ ఉందా చూసుకోండి.

కరెంటు బిల్లులో కాంట్రాక్టు లోడు అంకె చదవండి. ఒకటిన్నర టన్ను ఏసీలు నాలుగు, గీజర్లు రెండు, మోటారు, వంటింటి సామాన్లు కలిపితే 12 కిలోవాట్లు దాటుతుంది. బిల్లులో 3 కిలోవాట్లే ఉంటే అదనపు లోడుకు డిపాజిట్ మీరే కట్టాలి. మెయిన్ వైరు కూడా మార్చాల్సి రావచ్చు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపే స్విచ్చి) మీద టెస్టు బటన్ నొక్కండి, వెంటనే పడిపోవాలి. పడకపోతే అది పనిచేయడం లేదన్నమాట. ఎర్తింగు సంగతి ఈ బటన్ చెప్పదు, విడిగా చూపించుకోవాలి.

వాస్తు గురించి ఒక మాట. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా రేపు మీ దగ్గర కొనేవాళ్లకు ఉంటుంది. వీధి శూల, ఈశాన్యం తెగిన స్థలం, దక్షిణం వాకిలి ఉన్న ఇళ్లు అమ్ముడుపోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఆ తగ్గింపు కొనేటప్పుడే అడిగి తీసుకోండి.

ధర కట్టడం

ఇంటి ధరను రెండు ముక్కలు చేయండి: స్థలం, కట్టడం. స్థలం విలువ మామూలుగా తగ్గదు, కట్టడం విలువ ఏటా తగ్గుతుంది. ఈ కింది అంకెలు లెక్క అర్థం కావడానికే. మీ వీధి రేటు మీరు వేసుకోవాలి. ఐదు సెంట్లంటే 242 గజాలు. గజం 40,000 అనుకుంటే స్థలం 96.8 లక్షలు. 3,200 చదరపు అడుగుల కట్టడం, ఈ రోజు కట్టడానికి అడుగుకు 2,500 అనుకుంటే 80 లక్షలు. ఇంటి ఆయుష్షు 60 ఏళ్లు, ఇప్పటికి 12 ఏళ్లయింది కాబట్టి అయిదో వంతు తీసేస్తే 64 లక్షలు. మొత్తం 1.61 కోట్లు. అమ్మేవాళ్లు 2.10 కోట్లు చెబితే మిగతా 49 లక్షలు దేనికని అడగండి. ఇంటీరియర్స్ అంటారు. పదేళ్లు వాడిన కబోర్డులు, ఫాల్స్ సీలింగు కొత్తవాటి ధర పలకవు.

చుట్టుపక్కల ఇళ్లు ఎంతకు పోయాయో తెలియాలంటే వాటి డోరు నంబర్లతో ఈసీ తీయండి. అందులో రాసిన ధర, మార్కెట్ విలువ రెండూ ఉంటాయి. అసలు చేతులు మారింది అంతకంటే ఎక్కువ కావచ్చు, అయినా కింది హద్దు తెలుస్తుంది. బ్రోకరు కమీషన్ 1 నుంచి 2 శాతం మధ్య మాట్లాడుకుంటారు. చూడ్డానికి పోకముందే ఎంతో, ఎప్పుడో తేల్చుకోండి.

చేతిలో ఉండాల్సిన డబ్బు చాలామంది తక్కువ అంచనా వేస్తారు. 75 లక్షలు దాటిన గృహరుణానికి బ్యాంకు ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదు. 1.60 కోట్ల ఇంటికి 1.20 కోట్లు అప్పు వస్తే 40 లక్షలు మీవి. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం అంటే 12 లక్షలు. కమీషన్, లాయరు, ఇంజినీరు, చిన్న రిపేర్లు కలిపితే 55 లక్షలు చేతిలో ఉండాలి.

"సగం వైట్, సగం బ్లాక్" అనే మాట వస్తుంది. ఒప్పుకోకండి. స్థిరాస్తి బయానా 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ధర తక్కువ చూపిస్తే బ్యాంకు అప్పూ తగ్గుతుంది. ప్రభుత్వ విలువ కంటే 10 శాతానికి మించి తక్కువ రాస్తే ఆ తేడా మీ ఆదాయంగా లెక్కకొస్తుంది. రేపు మీరు అమ్మినప్పుడు చూపించని ఆ సగం మీద కూడా లాభమని పన్ను మీరే కట్టాలి.

బయానా నుంచి తాళం చెవుల దాకా

ధర కుదిరాక ఒక చిన్న మొత్తం చెక్కు ద్వారా ఇచ్చి, పత్రిక స్థానిక ఎడిషన్‌లో లాయరు ప్రకటన వేయించండి. పదిహేను రోజులు అభ్యంతరాల కోసం ఆగండి. ఆ తర్వాతే అగ్రిమెంటు, 10 శాతం బయానా. అగ్రిమెంటులో గడువు 60 నుంచి 90 రోజులు, బ్యాంకు అప్పు రాకపోతే బయానా వెనక్కి, కాగితాల్లో లోపం తేలితే బయానా వెనక్కి, ఇంట్లో ఏయే వస్తువులు వదిలి పోతారు అనేవి విడివిడిగా రాయించండి. ఏసీలు, ఇన్వర్టరు, షాండ్లియరు, సోలార్ ప్యానెళ్లు, సీసీ కెమెరాల సంగతి రాయకపోతే తాళం ఇచ్చే రోజు గోడలకు రంధ్రాలే మిగులుతాయి.

ధర 50 లక్షలు గానీ అంతకు మించి గానీ ఉంటే మీరే 1 శాతం టీడీఎస్ (ధరలోంచి ముందే తీసి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని, డబ్బు ఇచ్చిన నెల ముగిసిన 30 రోజుల్లోపు అమ్మేవాళ్ల పాన్ మీద కట్టాలి. బయానా ఇచ్చిన నెలలో బయానాకు, తర్వాత మిగతాదానికి. వాళ్ల పాన్ ఆధార్‌తో లింకు కాకపోతే 20 శాతం పట్టాల్సి వస్తుంది కాబట్టి అగ్రిమెంటుకు ముందే సరిచూసుకోండి. అమ్మేవాళ్లు ఎన్నారైలు అయితే ఈ 1 శాతం వర్తించదు. పట్టాల్సింది చాలా ఎక్కువ, ఆడిటరు లేకుండా డబ్బు పంపకండి.

రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు సాయంత్రం ఈసీ ఇంకోసారి తీయండి. మధ్యలో ఎవరైనా కొత్త అగ్రిమెంటు రిజిస్టరు చేయిస్తే అందులో పడుతుంది. స్లాటు బుక్ చేసుకున్నాక ఆధార్, పాన్, ఇద్దరు సాక్షులు, బ్యాంకు డీడీలు సిద్ధంగా పెట్టుకోండి. దస్తావేజు షెడ్యూలులో సర్వే నంబరు, డోరు నంబరు, కొలతలు, నాలుగు హద్దులు చదివి సంతకం చేయండి. తప్పు పడితే సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్లు మళ్లీ రావాలి.

ఆ తర్వాత నెలలోపు ఇంటి పన్ను, కొళాయి, కరెంటు మీటరు మూడూ మీ పేరుకు మారాయో లేదో చూసుకోండి. పాత బకాయిల రసీదులు అన్నీ తీసుకోండి. మొదటి వానాకాలం రాకముందే ఇంటి చుట్టూ మీటరు వెడల్పున సిమెంటు గచ్చు, బయటికి వాలుతో వేయించండి. నల్లరేగడిలో పునాది దగ్గరికి నీళ్లు చేరకుండా ఆపేది అదే. ఉన్న సన్నటి బీటల మీద పెన్సిలుతో చివర్లు గుర్తుపెట్టి తేదీ రాయండి. వానలు పోయాక, మళ్లీ మే నెలలో గీత దాటాయేమో చూడండి.